తలుపు సందులో వెలుతురు



ఈ పూట ఒక తలుపు కథ చెబుతాను. ఇంటి తలుపు కాదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పావు అంగుళం మందం ఉన్న ఇనుప తలుపు. బరువు ఇరవై కిలోల పైమాటే. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక పేటలో మా బావమరిది ఇంటి పెరట్లో ఉంది. ఒక పాత గ్యాస్ ట్యాంకుకి బిగించి ఉంది. బిగించి అయితే ఉందిగానీ మూసుకోదు.

ఒక శనివారం పొద్దున్నే ఫోను చేశాడు.

"బావా, తలుపు మూసుకోవట్లేదు."

"ఏ తలుపురా?"

"స్మోకర్ తలుపు. కోసినప్పుడు బాగానే కూర్చుంది. చుట్టూ పట్టీలు వెల్డింగ్ చేశాక కింది మూలలు రెండూ లేచిపోయాయి. సుత్తితో కొట్టాను కూడా."

"ఎక్కడ కొట్టావు?"

"మూలల మీదే."

"అయితే ఇప్పుడు లేచిన మూలలకి సొట్టలు కూడా పడి ఉంటాయి."

ఒక్క క్షణం ఆగి, "పడ్డాయి బావా" అన్నాడు.

ఇక వెళ్ళక తప్పలేదు. అక్కడికి వెళ్ళేలోపు, ఈ స్మోకర్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. మాంసాన్ని మంట మీద కాల్చేది గ్రిల్లు. ఈ రకం స్మోకర్‌లో మంట ఒక పక్క గదిలో ఉంటుంది, మాంసం ఇంకో గదిలో ఉంటుంది. మంట దగ్గర పుట్టిన వేడి, పొగ మాంసం ఉన్న గదిలోంచి మెల్లగా సాగి, అవతలి చివర ఉన్న గొట్టంలోంచి బయటికి పోతాయి. లోపలి వేడి 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. ఆ సన్నని వేడి మీద పన్నెండు గంటలైనా ఓపిక పట్టాలి. అక్కడివాళ్ళు ఇందులో బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం వండుతారు. మావాడు కోడి, మేక తొడ పెడతాడు. పొగకి ఆ పట్టింపు లేదు.

మధ్య టెక్సస్‌లో ఈ వంటకి జర్మన్, చెక్ వలసదారుల కసాయి దుకాణాల్లో నాటుకున్న పాత వేళ్ళున్నాయి. లాక్‌హార్ట్ అనే ఊళ్ళో క్రైట్స్ మార్కెట్ 1900లో మొదలైంది. అక్కడివన్నీ ఇటుక పొయ్యిలు. మరి ఇనుప స్మోకర్లు ఎక్కడివంటే, ఆ రాష్ట్రంలో వెల్డర్లకి కొదవ లేదు. 1901 జనవరి 10న బ్యూమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ దిబ్బ మీద చమురు ఎగజిమ్మింది. ఆ తర్వాత టెక్సస్ నిండా గొట్టాలు, ట్యాంకులు, వాటిని అతికే మనుషులు, చివరికి మిగిలిపోయిన తుక్కు. లావుపాటి గొట్టం ముక్క ఖాళీగా పడి ఉంటే వెల్డర్ చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు ఆస్టిన్‌లో ఈ వంటకి పెద్ద పేరున్న ఏరన్ ఫ్రాంక్లిన్ 2009లో ఒక ట్రెయిలర్ బండిలో అమ్మకం మొదలుపెట్టి 2015లో వంటవాళ్ళకిచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్నాడు. ఆయన కూడా 1000 గ్యాలన్ల ప్రొపేన్ ట్యాంకులు కోసి స్మోకర్లు చేసుకున్న మనిషే.

మా బావమరిదిది అంత పెద్దది కాదు. 250 గ్యాలన్ల ట్యాంకు, అంటే 950 లీటర్ల లోపు. వ్యాసం 30 అంగుళాలు. దాన్ని కొయ్యబోయే ముందు వాడు చేసిన ఒక్క మంచి పని చెప్పి ముందుకెళ్తాను: వాల్వు తీసేసి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోశాడు. పాత గ్యాస్ ట్యాంకులో ఏమీ లేదని అనుకుని నిప్పు పెట్టినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇందులో తొందర పనికిరాదు.

నేను వెళ్ళేసరికి గరాజ్ ముందు నిలబడి ఉన్నాడు. తలుపు చూశాను. పైన మూడు మడతబందులు. చుట్టూ అంగుళమున్నర వెడల్పు పట్టీలు, తలుపు అంచు దాటి ట్యాంకు మీదికి ఆనేలా. తలుపు, పట్టీ కలిసేచోట వెల్డింగ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గీత. పూసల దండలాగా ఉంది. అందంగా ఉంది. తప్పంతా ఆ అందంలోనే ఉంది.

కానీ వెంటనే ఆ మాట అనలేదు. తలుపు మూసుకోకపోతే అందరం తలుపునే తిడతాం. చాలాసార్లు వంకర పోయింది తలుపు కాదు, తలుపు కోసిన ట్యాంకు. రేకుని గుండ్రంగా చుట్టి అతికినప్పుడు దాని లోపల బిగువు మిగిలిపోతుంది. బిగించి కట్టిన మోపులాంటిది. తలుపు కోసం కిటికీ కోసేసరికి ఒక్కచోట తాడు తెగినట్టవుతుంది. ట్యాంకు నోరు కాస్త విచ్చుకోవచ్చు, ముడుచుకోవచ్చు. కోసిన ముక్క కూడా దాని దారిన అది విచ్చుకుంటుంది. ఎవరు తప్పారో తేలకుండా సుత్తి ఎత్తితే, తప్పు చెయ్యనివాడి వీపు పగులుతుంది.

అందుకని ఒక ప్లైవుడ్ ముక్క తీసుకుని, ట్యాంకు లోపలి వంపుకి సరిగ్గా ఆనేలా అర్ధచంద్రం ఆకారంలో కోశాం. దాన్ని ముందు ట్యాంకు నోటి పక్కన, లోపలి వైపు పెట్టి చూశాం. ఎక్కడా వెలుతురు లేకుండా ఆనింది. ట్యాంకు నిర్దోషి. తర్వాత మడతబందుల సీలలు తీసి, తలుపుని దించి, బోర్లించకుండా గుంట పైకి ఉండేలా బల్లమీద పడుకోబెట్టాం. పై అంచు దగ్గర అచ్చుని ఆనించి పట్టుకుంటే, కింది అంచు దగ్గర అచ్చుకీ ఇనుముకీ మధ్య సందు. తలుపు వంపు విచ్చుకుంది.

ఆ సందు కొలవడానికి కొలబద్ద వెతుకుతుంటే బావమరిది జేబులోంచి చిల్లర తీశాడు. పావు డాలరు నాణెం మందం 1.75 మిల్లీమీటర్లు. కుడిమూల ఏడు నాణాలు పట్టాయి. ఎడమమూల నాలుగు. ఆ రోజంతా మా లెక్క నాణాల్లోనే నడిచింది.

ఇప్పుడు ఆ పూసల దండ సంగతి. వెల్డింగ్ పడ్డప్పుడు ఇనుము కరుగుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ పక్కనున్న రేకుని తనతో లాగుతుంది. వీడు పట్టీలన్నీ తలుపు బయటి వైపే వేశాడు. వంపు తిరిగిన రెండు చివరల్లోనూ బయటి ముఖం ముడుచుకుంది. బయటి ముఖం పొట్టిదైతే వంపు విప్పుకోక ఏం చేస్తుంది? పైగా ఆపకుండా ఒకే చోట నుంచి సాగించాడు కాబట్టి, వేడి వెనకాల వేడి చేరి, చివరికి వచ్చేసరికి కుడిమూల ఎక్కువ లేచింది. ఒక అంగుళం వెల్డింగ్ వేసి, నాలుగైదు అంగుళాలు వదిలి, ఇంకో అంగుళం అవతలి చివర వేసి, మధ్యలో చల్లారనిచ్చి ఉంటే ఇంత వచ్చేది కాదు. తెలుగునాట కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసే షాపుల్లో ముందు అన్నిచోట్లా టాకాలు, అంటే బొట్టంత అతుకులు, వేసి, మూలమట్టం పెట్టి చూసుకుని, అప్పుడు నింపడం మీరు గమనించే ఉంటారు. అది ఓపికకోసం చేసే పని కాదు. టాకాలు లేకపోతే గేటు వాళ్ళ చేతుల్లోనే మెలి తిరుగుతుంది.

"అయితే ఈ వెల్డింగంతా గ్రైండ్ చేసి తీసెయ్యాలా బావా?" అన్నాడు వాడు, ఏడుపు మొహంతో.

అక్కర్లేదన్నాను. దివిసీమలో మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. కమ్మరి కొలిమి ముందు బండి చక్రం. చెక్కతో చేసిన చక్రం నేలమీద పడుకోబెట్టి ఉంటుంది. దానికి వెయ్యాల్సిన ఇనుప పట్టా చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేస్తారు. పిడకలూ కట్టెలూ పేర్చి పట్టాని ఎర్రగా కాలుస్తారు. కాలిన పట్టా సాగుతుంది. నలుగురు పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రం మీదికి దించుతారు, సమ్మెటతో సర్దుతారు, చెక్క అంటుకుని పొగ లేస్తుంటే బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి. ఆ ఆవిరి వెనక చక్రం కీచుమనేది. ఆకులు, పూటీలు, కుండ అన్నీ బిగిసే చప్పుడది. ఒక్క మేకు లేకుండా పట్టా ఏళ్ళ తరబడి ఊడేది కాదు. పిల్లలం దూరం నుంచి చూసేవాళ్ళం, దగ్గరికొస్తే తిట్లు.

వేడెక్కిన ఇనుము సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. మీటరు పొడవున్న ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఊళ్ళో చక్రం దగ్గర పట్టా మొత్తం కాలింది కాబట్టి అది స్వేచ్ఛగా సాగింది. మనం తలుపు మీద ఒక్క గీత మాత్రమే కాలిస్తే ఏమవుతుంది? ఆ గీత సాగాలనుకుంటుంది. చుట్టూ ఉన్న చల్లటి ఇనుము కదలనివ్వదు. ఎర్రబడ్డ ఇనుము మెత్తగా ఉంటుంది కాబట్టి, పక్కకి సాగలేక ఉన్నచోటే ఉబ్బి మందమవుతుంది. తర్వాత చల్లారుతూ ముడుచుకుంటుంది. సాగనివ్వకపోయినా, ముడుచుకునే హక్కు మాత్రం దాని దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు. కాబట్టి మొదట ఉన్నదానికంటే పొట్టిదవుతుంది. రేకు ఆ గీత వైపు వంగుతుంది.

లారీలు గుద్ది వంగిపోయిన వంతెన దూలాలని అమెరికాలో ఇదే పద్ధతిలో, ఉన్నచోటే సరిచేస్తారు. తలుపు వంకరపోయింది కూడా ఈ ముడుచుకోవడం వల్లే. రోగం బయటి ముఖాన వచ్చింది, మందు లోపలి ముఖాన వెయ్యాలి. గుర్తు ఒక్కటే: ఎటు వంగాలో అటువైపు కాల్చాలి.

సుద్దముక్కతో తలుపు గుంటలో, పొడవునా, మూడేసి అంగుళాల దూరంలో ఐదు గీతలు గీశాను. గ్యాస్ సెట్టుకి వెడల్పు మంట ఇచ్చే మూతి తగిలించి బావమరిది అంటించాడు. తలుపు మీదున్న ట్యాంకు రంగు ముందే గీకేశాం. ఒకవేళ మీ చేతిలో ఉన్నది జింకు పూత ఉన్న రేకైతే ఈ పని అసలు చెయ్యొద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

మంట కింద ఇనుము ముందు నీలం తిరిగింది, తర్వాత బూడిద రంగు, తర్వాత నీడలో చూస్తేగానీ తెలియని మసక ఎరుపు. అక్కడ ఆగాలి. సుమారు 650 డిగ్రీలు. కంసాలి కుంపట్లో బంగారంలా ధగధగలాడే దాకా కాలిస్తే ఇనుము గుణమే మారిపోతుంది. ఆ మసక ఎరుపు మచ్చని సుద్దగీత వెంట నడిపించాలి, నెయ్యి గిన్నెలో గరిటె తిప్పినంత నిదానంగా.

సగం గీత అయ్యేసరికి బావమరిది కేక పెట్టాడు. "బావా, ఇంకా విచ్చుకుంటోంది!" చివర అచ్చు పెట్టి చూస్తున్నాడు. ఏడు నాణాలు పట్టిన చోట తొమ్మిది దూరుతున్నాయి. మంట ఆర్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. వేడిగా ఉన్నంతసేపూ లోపలి ముఖం సాగి ఉంటుంది కాబట్టి తలుపు తప్పు దిశలోకే పోతుంది. పని జరిగేది మంట తీసేశాక. ఇక్కడ భయపడి, వేడి మీద సుత్తితో కొట్టి పాడుచేసుకున్న తలుపులు చాలా ఉంటాయి.

గీత పూర్తి చేసి, మంట ఆర్పి, కుర్చీల్లో కూర్చున్నాం. వాళ్ళావిడ, వరసకి నాకు చెల్లెలు, టీ తెచ్చింది. "అన్నయ్యా, తలుపు బాగుచేస్తున్నారా, చలి కాచుకుంటున్నారా?" అంది. ఇనుము చల్లారేటప్పుడు ఉండుండి టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది. ఇరవై నిమిషాల తర్వాత అచ్చు పెట్టాం. కుడిమూల ఆరు నాణాలు.

ఒక గీతకి ఒక నాణెం. బావమరిది మొహం అప్పుడు చూడాలి. వాడు కంప్యూటర్ల మనిషి, నొక్కితే జరిగే పనులకి అలవాటుపడ్డవాడు. ముందు తప్పు దారిన పోయి, మనం చెయ్యి తీశాక వెనక్కొచ్చే వస్తువుని వాడు ఎప్పుడూ చూసి ఉండడు.

మిగతా నాలుగు గీతలకీ మధ్యాహ్నం దాటింది. నీళ్ళు పోసి చల్లార్చమని తొందరపెట్టాడు. మామూలు మెత్తటి ఉక్కుకి నీళ్ళు పోసేవాళ్ళూ ఉన్నారు. కానీ పాత ట్యాంకు ఉక్కు ఎలాంటిదో మనకేం తెలుసు, గాలికే చల్లారనిచ్చాను. చివరి గీత మాత్రం సగం పొడవే కాల్చాం, ఎడమమూల లోపలికి మరీ దిగిపోతుందేమోనని. సాయంత్రానికి తలుపు మళ్ళీ ఎక్కించి మూస్తే, ఎడమమూల ఒక్క నాణెం కూడా పట్టదు. కుడిమూల ఇంకా మూడు.

దీన్ని కాల్చి లాభం లేదు. ఎడమ ఆని, కుడి లేచిందంటే తలుపు మెలి తిరిగిందని. మెలికి మందు ఎదురు మెలే. ఎడమమూల దగ్గర తలుపుకీ ట్యాంకుకీ మధ్య ఒక చెక్క దిమ్మ పెట్టాం. ఒక గొలుసుని ట్యాంకు చుట్టూ తిప్పి, కుడిమూల ఎదురుగా వదులుగా కట్టి, గొలుసుకీ తలుపు మూలకీ మధ్య కారు జాకీ ఇరికించాం. జాకీ లేస్తుంటే గొలుసు బిగుస్తుంది, మూల లోపలికి దిగుతుంది. దిగి ట్యాంకుని తాకేదాకా నొక్కి వదిలితే, కుక్క తోకలాగా మళ్ళీ లేచి కూర్చుంది. అసలు స్థానం దాటి ఇంకా లోపలికి వంచితేగానీ కొంచెమైనా నిలవదు. దానికే ఆ దిమ్మ. దిమ్మ అవతలి మూలని ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి, ఈ మూలని తాకేదాకా నొక్కినా మెలి మాత్రం రెట్టింపు పడుతుంది. ఇంకాస్త లావు దిమ్మ పెట్టి మూడుసార్లు నొక్కాం. రెండోసారి ఠప్పుమని చప్పుడైంది. బావమరిది రెండడుగులు వెనక్కి దూకాడు. పట్టీ వెల్డింగ్ ఒకచోట తెగింది, అంతే. అయినా గొలుసూ జాకీ పట్టిన తలుపు ముందు ఎప్పుడూ నిలబడకూడదు, పక్కనుంచే పని చెయ్యాలి.

మూడోసారికి ఒక్క నాణెం బిగువుగా పట్టేంత సందు మిగిలింది. అక్కడ ఆపేశాను. వాడికి నచ్చలేదు. వాడికి కాగితం కూడా దూరకూడదు. ఆ మాటమీద కాసేపు వాదన అయింది. నా అభిప్రాయం ఏమిటంటే, మాంసం గది తలుపుకి నాణెం మందం సందు ఉంటే వంట పాడవదు. ఎంతో పేరున్నవాళ్ళ స్మోకర్లు కూడా అంచుల్లో పొగ కక్కుతూనే ఉంటాయి. అర అంగుళం సందైతే వేరే సంగతి. కిందనుంచి చల్లగాలి దూరుతుంది, పైనుంచి పొగ గొట్టం దాకా పోకుండానే జారిపోతుంది, తలుపు వైపున్న ముక్క ఒకలా, వెనకున్న ముక్క ఇంకోలా ఉడుకుతాయి. మరీ పట్టుదల ఉంటే మంట ఆర్పేవాళ్ళ దుస్తుల్లో వాడే నోమెక్స్ పట్టీ దొరుకుతుంది, దాన్ని వేడికి తట్టుకునే సిలికాన్ జిగురుతో అంచులకి అంటించుకోవచ్చు. కాకపోతే వంకర తలుపుకి ముందే పట్టీ అంటించి వంకర దాచెయ్యడం నాకు నచ్చదు. నాలుగు నెలల్లో పట్టీ నలుగుతుంది, వంకర మళ్ళీ బయటపడుతుంది.

మంట పెట్టే గది తలుపు సంగతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ సందు ఉంటే గాలి మన చేతిలో ఉండదు, గాలి మన చేతిలో లేకపోతే మంటా ఉండదు. పైగా ఆ తలుపు ప్రతి వంటకీ వంగుతుంది. నిప్పువైపు ముఖం కాలి సాగబోయి, సాగలేక, చల్లారి పొట్టిదవుతుంది. అంటే మనం గంటల తరబడి చేసిన గీతల పనిని ఆ నిప్పు ప్రతి ఆదివారం తనంతట తాను చేసేస్తుంటుంది. దాన్ని సరిచేస్తూ కూర్చోవడం దండగ. తలుపు లోపలివైపు ఒక అంగుళం దూరంలో ఇంకో రేకుని బోల్టులతో వేలాడదీయాలి. బోల్టు రంధ్రాలు కోలగా ఉండాలి, బిగించకూడదు. అది కాలనీ, వంగనీ. పాడైతే మార్చుకుంటాం, వెనకున్న తలుపు మిగులుతుంది.

మళ్ళీ ఇంకో స్మోకర్ చేస్తే ఏం చెయ్యాలని అడిగాడు బావమరిది. నాలుగు వైపులూ కొయ్యక ముందే పని మొదలుపెట్టమన్నాను. ముందు మడతబందులు వచ్చే పై అంచు మాత్రం కోసి, బందులు వెల్డింగ్ చేసెయ్యాలి. తర్వాత పక్కలూ, కిందా కోస్తూ, మూలల దగ్గర వేలెడంత ముక్క కొయ్యకుండా వదలాలి. పట్టీలకి ఆ స్థితిలోనే టాకాలు వేసుకోవాలి. తలుపు ఇంకా ట్యాంకుకి పుట్టిన బిడ్డలాగా అంటుకునే ఉంటుంది కాబట్టి ఎటూ పోలేదు. అంతా అయ్యాక ఆ వేలెడు ముక్కలు తెంచాలి. అప్పుడు కూడా కొద్దిగా కదలదని చెప్పను. అర అంగుళం మాత్రం లేవదు.

చీకటి పడ్డాక లైటు పరీక్ష చేశాం. ట్యాంకులో ఒక బల్బు పెట్టి, తలుపు మూసి, పెరటి దీపాలన్నీ ఆర్పేశాం. పొద్దున ఇదే పని చేసి ఉంటే తలుపు కింద నెలవంకంత వెలుతురు కనిపించేది. ఇప్పుడు కుడిమూల దగ్గర జానెడు పొడవున సన్నటి పసుప్పచ్చ దారం ఒక్కటే. బావమరిది వంగి దానివైపే చూస్తూ, "ఇది కూడా పోతుందా బావా?" అన్నాడు. మూడు నాలుగు వంటలు కానిమ్మన్నాను. కట్టెల పొగలో ఉండే జిగట, మాంసం కొవ్వు కలిసి ఆ సందులో తారులాగా పేరుకుని, దానంతట అదే మూసేస్తుంది.

నెల తిరక్కుండానే ఫోను. దారం పోయిందట, తలుపు గాజుసీసా మూతలాగా కూర్చుందట. సంతోషించాను. మర్నాడే మళ్ళీ ఫోను, ఈసారి గొంతులో జీవం లేదు.

"ఏమైందిరా?"

"రాత్రి చుట్టాలొస్తున్నారని మీ చెల్లెలు తలుపు అంచులన్నీ గిన్నెలు తోమే స్టీలు పీచుతో తళతళలాడేలా తోమేసింది బావా. మళ్ళీ లైటు కనపడుతోంది."

ఇంకో నాలుగు వంటలు చెయ్యమన్నాను. తలుపుకి తాళం మాత్రం వద్దన్నాను.